బరువు నేలకు దిగాక

ఊరి పేరు మరీ.
పేరుకు తగ్గట్టే మరీ ఎండ, మరీ దూరం,
మరీ ఎర్ర దుమ్ము.
రైలు రావడం మానేసిన స్టేషను వెనక
రేకుల షెడ్డులో
ఆల్ఫీ మామయ్య పాత నిస్సాన్‌ని
స్టాండుల మీద నిలబెట్టాను.

పందొమ్మిదేళ్ల కిందట ఆయనే దీన్ని
నాలుగంగుళాలు లేపాడు.
ముందు ఇనప బంపరు, బంపరులో వించి,
బానెట్ కింద రెండో బ్యాటరీ.
ఆ బరువుకని
బొటనవేలంత లావు స్ప్రింగులు తెప్పించాడు.
ఇప్పుడు వించి అమ్మేశాడు.
బంపరు కోళ్ళ దడికి ఆసరా.
స్ప్రింగులకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
లేని బరువు కోసం బిగదీసుకునే ఉన్నాయి,
ఊడ్నదత్తా దారిలో ఒక్కో గతుకునీ
లెక్క తప్పకుండా
ఆయన వెన్నుకి అప్పజెబుతూ.

పైగా ఈ ఏడు అడిలైడ్‌లో మోకాలు మార్చారు.
పాలసీసాల పెట్టె బోర్లించి
దాని మీంచి ఎక్కుతున్నాడు బండి.
"మా తాత ఒంటె అయితే
హూష్టా అంటే మోకరిల్లేది జెల్మా,
దీనికే భాషలో చెప్పను?"
రెంచి భాషలో చెబుదాం, అన్నాను.

చక్రం తీశాను. స్వే బార్ లింకులు విప్పాను.
షాక్ అబ్జార్బర్ కింది బోల్టు
ఇన్నేళ్ల మన్ను తిని కదలనంది.
నూనె చల్లి, టీ తాగొచ్చి,
రెంచికి పైపు తొడిగి కాలితో తొక్కాను.
కుయ్యిమని లొంగింది.
జాకీ మీది ఇరుసుని వేలెడు వేలెడు దించాను,
ఒక కన్ను బ్రేకు గొట్టం మీదుంచి.
దించుతూ దించుతూ ఉంటే
అంత మొండి స్ప్రింగూ
వదులు గాజులా చేతిలో తిరిగింది.

నొక్కిపెట్టిన స్ప్రింగుకి ఎదురుగా ముఖం పెట్టకు.
ఈ పాఠం మామయ్య గడ్డం మీద
తెల్లటి గీతగా ఉంది.
నాకు పదహారేళ్లప్పుడు వెలుతురులోకి తిరిగి చూపించాడు.
ఇవాళ కూడా, నేను అడక్కుండానే,
గడ్డం తడుముకుంటూ రెండడుగులు వెనక్కి జరిగాడు.

కొత్తవి జంటే గానీ కవలలు కావు.
డ్రైవరు వైపుది అరంగుళం పొడుగు.
ఎప్పుడూ మనిషి ఉండే వైపు అది,
ఆ బరువు ముందే కలుపుకొని చుట్టారు.
"నా బరువు వాళ్ళకెవరు చెప్పారు?" అన్నాడు.
పెర్ల్ అత్త ఉత్తరం రాసుంటుంది, అన్నాను.
నవ్వాడు.
తరవాత రెండోదాన్ని, ఆ పొట్టిదాన్ని,
ఒళ్ళో పెట్టుకుని
గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు చాలాసేపు.
అది కొత్తదే. దుమ్మేం లేదు.

పైన రబ్బరు గిన్నె, కింద తోక
గాడిలో కచ్చితంగా కూర్చోవాలి.
మొదటిసారి కూర్చోలేదు.
రెండోసారీ కూర్చోలేదు.
మూడోసారి మా అమ్మ తిట్లు రెండు వాడాను.

ఇక్కడే చాలామంది తొందరపడతారు.
బండి గాల్లో ఉండగానే
బుష్‌ల బోల్టులన్నీ బిగించేస్తారు.
అప్పుడా రబ్బరు
గాల్లో ఉన్న సంగతే గుర్తుపెట్టుకుంటుంది,
నేల మీద ప్రతి రోజూ మెలిపడి
ఏడాదికే చిరుగుతుంది.
వదులుగా వదిలెయ్యాలి.
చక్రాలు తొడగాలి, కిందికి దించాలి,
ముందు బంపరెక్కి నాలుగుసార్లు గెంతాలి,
బండి తన ఎత్తు తను వెతుక్కున్నాక,
బరువంతా నేలకు దిగాక
అప్పుడు దూరి బిగించాలి.
పెర్ల్ అత్త పోయిన వారంలోనే
మామయ్య ఇల్లమ్మేద్దామంటే
వద్దని ఎందుకన్నానో
అప్పుడు చెప్పడం చేతకాలేదు నాకు.

టేపుతో కొలిచాను. రెండంగుళాల పావు.
హెడ్‌లైట్లు కూడా సవరించాలి,
ఇన్నాళ్లూ ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కొట్టేవి.
మామయ్య తలుపు తీసి
సీటు అంచు పట్టుకుని ఒక్కసారి ఊగి ఎక్కాడు.
ఎక్కి, ఎవరూ చూడలేదనుకుని,
స్టీరింగుతో మెల్లగా
"హూష్టా" అన్నాడు.

దుమ్ము చాలాదూరం కనిపించింది.
పాలపెట్టె ఇక్కడే మర్చిపోయాడు.
కేకేస్తే వినిపించేదే.
దాన్ని గోడ పక్కకి లాగి బోర్లించి
చల్లారిపోయిన టీ తాగాను,
పాత స్ప్రింగు మీద పాదం పెట్టి, నొక్కి చూస్తూ.
అది ఒక్క వెంట్రుకంత కూడా దిగలేదు.